ఖాళీ గడి

పదకొండో భాగం

లీలమ్మ తెచ్చిన సెలైన్ సీసాను షారోన్ కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్న చోట కిందటి వారం ఆగాం. అద్దంలా ఉండాల్సిన నీళ్లలో తెల్లటి పోగులు తేలుతున్నాయి.

మొఘల్‌పురాలోని దక్కన్ ఔషధ సహకార సంఘం చుట్టుపక్కల చిన్న ఆస్పత్రులకూ డిస్పెన్సరీలకూ మందులు సరఫరా చేస్తుంది. గోదాంలో ఏ మందు ఉంది, ఏది బయటికి పోవచ్చు, ఏది పోకూడదు అన్నది ఇన్నేళ్లూ చూసుకున్నది మేడ మీది చల్లగదిలో ఉన్న మెయిన్‌ఫ్రేమ్. అందరూ దాన్ని ‘పెద్ద మెషీన్’ అనేవారు. విడిభాగాలు దొరకడం మానేసి, గదిని చల్లబరిచే యంత్రం కూడా మూలపడ్డాక, దానిలోని అప్లికేషన్లన్నిటినీ కొత్త రిలేషనల్ డేటాబేస్‌లోకి మార్చాలని సంఘం తీర్మానించింది. ఆ పని కంప్యూటర్ విభాగం చూసే షారోన్ మీద పడింది. ఆదివారం మార్పు పూర్తయింది. పెద్ద మెషీన్‌ను ఆపేశారు, మిఠాయి పంచారు. ఆ మిఠాయి డబ్బా ఇంకా బల్లమీద ఉండగానే ఒక ప్రసూతి ఆస్పత్రి నుంచి నర్సు లీలమ్మ ఈ సీసా పట్టుకొని వచ్చింది. బాలింతకు ఎక్కించబోతూ, చివరి క్షణంలో చూసి ఆపిందట.

కొత్త తెర మీద ఆ బ్యాచ్ పక్కన ఆకుపచ్చ అక్షరాల్లో ‘ఇవ్వవచ్చు’ అని ఉంది.

గోదాం చూసే ఎల్లప్ప ఆ తెరను, సీసాను మార్చి మార్చి చూశాడు.

“గిది పోనే పోదు మేడం. పెద్ద మెషీన్ ఉన్నప్పుడు ఎన్నిసార్లు కొట్టినా ఇవ్వరాదు అనే వస్తుండె. గందుకే డబ్బాలు మూలకు పెట్టిన. మొన్న మీ కొత్తది పంపమన్నది, పంపిన.”

షారోన్ పాత డేటా నకలు తెరిచింది. ఆ బ్యాచ్ వరసలో అన్నీ ఉన్నాయి, తయారైన నెల, వచ్చిన తేదీ, కంపెనీ పేరు. పరీక్ష ఫలితం రాయాల్సిన గడి మాత్రం ఖాళీగా ఉంది. కొత్త డేటాబేస్‌లో ఆ గడి ఖాళీగా ఉండడానికి వీల్లేదు. అందుకని, ఖాళీ కనిపించిన ప్రతిచోటా ‘పాస్’ అని నింపుతూ పోయేలా మార్పు ప్రోగ్రాం రాసుకున్నారు. ఆ నియమం షారోన్‌కు కొత్తది కాదు. దాని కింద ఆమె సంతకం ఉంది.

షారోన్ సీసాను మెల్లగా బల్లమీద పెట్టింది.

“ఎల్లప్పన్నా, వ్యాన్లు ఆపు.”

“ఏ వ్యాను మేడం?”

“అన్నీ.”

ఎల్లప్ప ఆమె మొహం చూసి మారుమాట్లాడకుండా మెట్లు దిగాడు. లీలమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని లేచింది. ఆమె డ్యూటీ మధ్యలో వచ్చింది.

“మా దవాఖాన్ల ఉన్న డబ్బాలన్నీ పక్కకు పెట్టించిన బిడ్డా. మా ఫికర్ లేదు. గని మిగతా దవాఖాన్లల్ల నా లెక్క ఎత్తి చూసేటోళ్లు ఉన్నరో లేరో. నువ్వు జల్ది చెయ్యి.” అని, సీసాను అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

కింద డ్రైవర్ల గొంతులు లేవసాగాయి. ఆ సందడి విని నిఖిలేష్ గదిలోకి వచ్చాడు. మార్పు పనిని కాంట్రాక్టుకు తీసుకున్న కంపెనీ తరఫు మేనేజర్ అతను. ఆరు నెలలుగా గచ్చిబౌలి నుంచి రోజూ ఇంత దూరం వస్తున్నాడు. పని తెలిసినవాడే, కానీ ఆగడం అంటే పడదు.

“డిస్పాచ్ ఎందుకు ఆగింది షారోన్ గారూ?”

షారోన్ సీసా అతని చేతిలో పెట్టి, సంగతి చెప్పింది. నిఖిలేష్ సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహంలో రంగు మారింది గాని, మాట మారలేదు.

“ఒక్క బ్యాచ్ కదా. ఆ ఒక్కదాన్ని బ్లాక్ చేద్దాం. లైవ్‌కు వచ్చిన వారంలోనే అన్నీ ఆపామంటే ప్రాజెక్టే ఫెయిలైందంటారు.”

“ఖాళీ గడి ఈ ఒక్కదానికే ఉందా? ఎన్నింటికి మనం పాస్ అని నింపినమో నీకు తెలుసా?”

“ఆ రూల్ మీటింగ్‌లో అనుకున్నదే. ప్రకాశం గారిని అడిగాం. ఖాళీ అంటే ఏంటి సార్ అని. ‘ఖాళీ అంటే ఖాళీయే’ అని జవాబిచ్చారు. ఆ మెయిల్ ఇప్పటికీ నా దగ్గరుంది.”

“మెయిల్ చూపిస్తే సీసాల పోగులు కరుగుతయా నిఖిలేష్?”

అతను సీసాను బల్లమీద పెట్టేశాడు. షారోన్ ఫోన్ తీసి సంఘం అధ్యక్షుడు వెంకటనారాయణకు కలిపింది. ఉస్మాన్‌గంజ్‌లో తాతల నాటి హోల్‌సేల్ కొట్టు ఆయనది. పొద్దున పూట అక్కడే ఉంటాడు. వెనక హమాలీల కేకలు వినిపిస్తుండగా ఆయన అంతా విన్నాడు.

“ఆపుడు అల్కటి పనే బిడ్డా,” అన్నాడు చివరికి. “షుగర్ మందుకు, కుక్కకాటు సూదులకు ఎన్ని దవాఖానలు మన దిక్కు చూస్తున్నయో నీకు ఎరుకే గద. చెడ్డది పోతే ఎంత తప్పో, మంచిది పోకుంటే గూడ గంతే తప్పు. ఏది ఆపాలె, ఏది పంపాలె, అది తేల్చు. నేను కొట్టు మూసి వస్త.”

షారోన్ ఫోన్ పెట్టేసింది. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. చిక్కంతా అక్కడే ఉంది. పాత డేటాలో ఖాళీ గడులు కుప్పలుగా ఉన్నాయి. దూది, చేతి తొడుగులు, కట్టుగుడ్డ వంటి వాటికి పరీక్షే ఉండదు కాబట్టి ఖాళీ. కొన్ని మందులకు ఫలితం ఇంకా రాక ఖాళీ. కంటికి రెండూ ఒకటే. ఏ ఖాళీకి తలుపు తీయాలో, ఏ ఖాళీకి మూయాలో పెద్ద మెషీన్‌లోని ప్రోగ్రాంకు మాత్రమే తెలుసు. దాని మూలప్రతి ఉందిగాని, తర్వాత తర్వాత నేరుగా మెషీన్‌లోనే చేసిన సవరణలు అందులో లేవు. ఆ సవరణలు చేసింది ప్రకాశం ఒక్కడే.

“యాడికి?” అన్నాడు నిఖిలేష్, ఆమె స్కూటీ తాళం తీసుకోవడం చూసి. ఇన్ని నెలల్లో అతనికీ ఇక్కడి మాట కొంచెం అంటింది.

“ప్రకాశం సార్ ఇంటికి. నేను వచ్చేదాకా ఒక్క డబ్బా కదలొద్దు. కదిలిందంటే నీదే బాధ్యత అని ఎల్లప్పన్నకు గూడ చెప్పి పోతున్న.”

*

ప్రకాశం ఇల్లు నాలుగు సందుల అవతలే. సంఘంలో చేరింది మొదలు పదవీ విరమణ దాకా పెద్ద మెషీన్‌ను సాకినవాడు. ఎండాకాలంలో రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో శాలువా కప్పించుకుని, ఒక్కమాటా మాట్లాడకుండా దిగిపోయాడు. ఆ తర్వాత షారోన్ ఆయన్ను చూడలేదు.

దారి పొడవునా ఆమె మనసులో తిట్లే. ఖాళీ అంటే ఖాళీయే! ఎంత తేలిగ్గా అన్నాడు. తలుపు తెరిచాక అనాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకుంది. ఒక సందులో పాల క్యాన్ల బండి అడ్డం వస్తే అవసరం కంటే గట్టిగా హారన్ కొట్టింది.

ప్రకాశం భార్య లక్ష్మీకాంతమ్మ తలుపు తీసి, సంబరంగా లోపలికి పిలిచింది. ముందుగదిలో పాత పేపర్ పరుచుకుని, పక్కింటివాళ్ల టేబుల్ ఫ్యాను విప్పదీసి కూర్చుని ఉన్నాడాయన. తల ఎత్తకుండానే అన్నాడు:

“రా షారోన్. ఏంది, నీ కొత్త డేటాబేస్ సల్లగున్నదా?”

షారోన్ సంచిలోంచి సీసా తీసి ఆయన ముందు స్టూలు మీద పెట్టింది. ప్రకాశం కళ్లజోడు సవరించుకుని వంగి చీటీ మీది అంకె చదివాడు. స్క్రూడ్రైవర్ పట్టుకున్న చేయి నిలిచిపోయింది.

“ఇది బయటికెట్ల వచ్చింది?”

ఆ ఒక్క ప్రశ్నతో షారోన్‌కు కావలసింది తెలిసిపోయింది.

“అంటే రావద్దని మీకు తెలుసు.”

ఆయన స్క్రూడ్రైవర్‌ను పేపర్ మీద పెట్టాడు.

“నేను మిమ్మల్ని అడిగిన సార్. పరీక్ష గడి ఖాళీగ ఉంటే ఏమనుకోవాలె అని.”

“నువ్వు అడగలే. మెయిల్ పంపినవ్.” ప్రకాశం గొంతు ఒక్కసారిగా పెరిగింది. “అదే రూంల, నాకు రెండు గజాల దూరంల కూసొని మెయిల్ పంపినవ్! ముప్ఫై ఏండ్లు చేసిన పని. ఒక్కరన్న పక్కకొచ్చి, ప్రకాశం, ఇది గిట్ల ఎందుకు రాసినవ్ అన్నరా? ఆ పిల్లగాడు నిఖిలేష్ నా ముంగటనే ఫోన్ల అన్నడు, ఈ చెత్తంతా పీకి అవతల పడేస్తున్నం అని. చెత్త! నా కుర్సీ గూడ నేనుండంగనే వరండాల ఏసిన్రు. గందుకే ఏది అడిగితే దానికే జవాబిచ్చిన. అంతకు మించి ఒక్క అక్షరం ఇయ్యలే.”

“ఏమైతదనుకున్నరు?”

“ఆగిపోతది అనుకున్న. వారంల మీరే వస్తరనుకున్న, సార్ సార్ అనుకుంట. ఖాళీని చూసి ఆగుతరు గని, పాస్ అని ఎవడన్న రాసుకుంటడా?”

“మేం రాసుకున్నం,” అంది షారోన్.

వంటింటి గడప దగ్గర చాయ్ గ్లాసులతో నిలబడి ఉంది లక్ష్మీకాంతమ్మ. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ గమనించలేదు. ఆమె సీసా వైపు చూసింది, తర్వాత భర్త వైపు.

“మీకు తెలిసి గూడ చెప్పలేదా?”

ప్రకాశం తల దించుకున్నాడు.

“ఎవరికి ఎక్కించేటిది అది?” ఆమె షారోన్‌ను అడిగింది.

“బాలింతకు అమ్మా. నర్సు చూసింది కాబట్టి ఎక్కియ్యలే.”

లక్ష్మీకాంతమ్మ గ్లాసులు కింద పెట్టి, మరేమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. ఏదైనా అని ఉంటే ప్రకాశం ఎదురు చెప్పేవాడేమో. నేల మీద చెల్లాచెదురుగా ఉన్న ఫ్యాను మరలను ఒకచోటికి చేర్చసాగాడు.

దారిలో పేర్చుకున్న తిట్లన్నీ షారోన్ నోటి దాకా వచ్చాయి. అవి అనడానికి ఆమెకు హక్కుంది. కానీ కింద నిలబడ్డ వ్యాన్లు గుర్తొచ్చాయి. ఎక్కడో ఒక డిస్పెన్సరీ మెట్ల మీద సూదిమందు కోసం కూర్చున్న మనిషెవరో గుర్తొచ్చారు.

“సార్,” అంది. “మీరు చేసింది తప్పు. మీ మీద జాలి పడి అది కాదనను. మేం చేసింది గూడ తప్పే. ఎవరిది పెద్దది అనే లొల్లి తర్వాత పెట్టుకుందాం, నేనే వచ్చి పెట్టుకుంట. ఇప్పుడు గోదాంల అన్ని బండ్లు ఆగి ఉన్నయి, మంచి మందుతో గూడ. ఏది ఆపాలెనో, ఏది పంపాలెనో చెప్పగలిగేది మీరొక్కరే. లేవండి.”

“నాకు కుర్సీ లేదు అక్కడ.”

“నా కుర్సీల కూసోండి.”

ప్రకాశం సీసాను ఇంకోసారి చూశాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచి, కొక్కేనికి వేలాడుతున్న చొక్కా అందుకున్నాడు.

*

కంప్యూటర్ గది గుమ్మంలోనే నిఖిలేష్ అడ్డు తగిలాడు.

“ఆయన స్టాఫ్ కాదిప్పుడు. కొత్త సిస్టంలో లాగిన్ లేదు. సిస్టం ముందు కూర్చోబెట్టడానికి రూల్స్ ఒప్పుకోవు.”

“కీబోర్డు నేను ముట్టుకుంట. నోరు ఆయనది. నోటికి లాగిన్ అక్కర్లేదు.”

షారోన్ ప్రకాశాన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన స్టూలు లాక్కుంది. నిఖిలేష్ చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. పాత మెషీన్ గది అద్దాల అవతల చీకటిగా ఉంది. ప్రకాశం అటు ఒక్కసారి చూసి, మళ్లీ చూడలేదు.

“మందు కోడ్‌ల మొదటి అక్షరం పట్టుకో,” అన్నాడు. “రక్తంలకు పోయేది, సూదితోని ఇచ్చేది, కండ్లల్ల ఏసేది, చంటిపిల్లలు తాగేది. గీటికి ఖాళీ ఉన్నదంటే రిపోర్టు రాలేదని. రిపోర్టు రాలేదంటే తలుపు మూసుడే. దూది, గ్లవుజులకు ఖాళీ ఉంటే ఫికర్ లేదు, పోనియ్యి. గోలీలకు ఇంకో మెలిక ఉంది. కంపెనీ పంపిన పరీక్ష కాగితం నంబర్ పక్క గడిల ఉంటే పోనియ్యాలె, లేకుంటే ఆపాలె.”

“ఆ మెలిక ఎందుకు సార్?”

“ఒకసారి పురుగుమందు వాసనతోని గోలీలు వచ్చినయి. గప్పట్ల పెట్టిన.” చాలా ఏళ్ల తర్వాత ఎవరో అడిగినందుకు ఆయన కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు.

ఆయన చెబుతున్నకొద్దీ షారోన్ దాన్ని పాత డేటా నకలు మీద అడగడానికి, కొత్త డేటాబేస్‌కు అర్థమయ్యే ప్రశ్నగా మార్చి రాసింది. పాత ప్రోగ్రాం మందుల దొంతరలో ఒక్కొక్కదాన్ని ఎత్తి చూసుకుంటూ పోయేది. కొత్తదానికి అన్నిటినీ కలిపి ఒకేసారి అడగాలి. అడిగింది. తెర మీద కొన్ని బ్యాచ్‌లు వచ్చి నిలబడ్డాయి. మొదట్లోనే లీలమ్మ తెచ్చిన సెలైన్ ఉంది.

షారోన్ ఊపిరి వదిలింది. ప్రకాశం మాత్రం తల అడ్డంగా ఊపాడు.

“ఒకటి రాలే. కండ్ల చుక్కల మందు. నేనున్నప్పటి నుంచి అది ఆగే ఉన్నది, నాకు మంచిగ యాది.”

మళ్లీ అడిగారు. మళ్లీ రాలేదు. ప్రకాశం చెప్పిందంతా సరిగ్గానే రాశానా అని షారోన్ వరస వరసా సరిచూసుకుంటుంటే, గోడ దగ్గరి నుంచి నిఖిలేష్ ముందుకు వంగాడు.

“ఆగండి. ఆ వరసని ఏ మార్పూ లేకుండా ఉన్నదున్నట్టు చూపించండి.”

చూపించింది. అతను వేలితో తెర మీద గీశాడు.

“ఇదీ సంగతి. కొన్ని గడుల్లో మీ ఆపరేటర్లు స్పేస్ కొట్టి వదిలేశారు. కొన్నింటిని అసలు ఎవరూ ముట్టుకోలేదు. మనిషి కంటికి రెండూ ఖాళీయే, మెషీన్‌కి మాత్రం వేర్వేరు. మనం మొదటి రకాన్నే అడుగుతున్నాం.” అతను ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “జరగండి, నేను రాస్తాను.”

ఈసారి కంటి చుక్కల మందు వచ్చింది. దాని వెనకే ఇంకొన్ని వచ్చాయి. ప్రకాశం పైనుంచి కొన్నిటిని చదువుతూ, అవును, అవును, ఇది గూడ అని తలాడించాడు. తర్వాత నిఖిలేష్ వైపు ఓరగా చూశాడు.

“పని వస్తది నీకు,” అన్నాడు, ఒప్పుకోక తప్పనట్టు.

షారోన్ ఆ బ్యాచ్‌ల జాబితాను ప్రింట్ తీసుకుని కిందికి పరుగెత్తింది. ఎల్లప్ప వ్యాన్ల తలుపులు తీయించి, ఆపాల్సిన డబ్బాలను దింపించాడు. డ్రైవర్లు గొణిగారు, ఒకడు ఇంజన్ కూడా ఆన్ చేసి కూర్చున్నాడు. షారోన్ ప్రతి వ్యాను ముందూ తనే నిలబడి, దిగిన డబ్బాను, మిగిలిన డబ్బాలను కళ్లతో చూశాకే పొమ్మంది. షుగర్ మందు వెళ్లింది. కుక్కకాటు సూదులు వెళ్లాయి. చివరి బండి సందు మలుపు తిరిగాక ఆమె గోదాం అరుగు మీద కూలబడి ఫోన్ తీసింది.

సోమవారం నుంచి ఆ బ్యాచ్‌ల మందులు అందుకున్న ప్రతి ఆస్పత్రికీ తనే మాట్లాడింది. చాలాచోట్ల డబ్బాలు ఇంకా విప్పలేదు. ఒకచోట విసుక్కున్నారు, ఒకచోట చెప్పి మేలు చేశారన్నారు. కంచన్‌బాగ్ వైపు ఒక చిన్న నర్సింగ్‌హోంలో మాత్రం ఆ సెలైన్ సీసా ఒకటి ఎక్కించేశామన్నారు. మనిషి బాగానే ఉన్నాడట, జ్వరం లేదట. డాక్టర్‌ను లైన్‌లోకి పిలిపించి, ఆ రోగిని ఇంటికి పంపకుండా కనిపెట్టి చూడమని చెప్పి, రేపు పొద్దున్నే తనే వస్తానంది. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మనిషి పేరు ఆమె చెవిలో తిరుగుతూనే ఉంది. నగేష్. లారీ క్లీనరట.

*

వెంకటనారాయణ వచ్చేసరికి ముగ్గురూ మళ్లీ తెర ముందే ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, చేతికర్రతో మెట్లెక్కి ఆయాసపడుతూ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ప్రకాశాన్ని చూసి ఆశ్చర్యపోయాడు.

“బండ్లు పోయినయా?”

“పోయినయి సార్. ఆపేటియి ఆపినం. బయటికి పోయినవి వెనక్కొస్తున్నయి,” అంది షారోన్.

“మరి తప్పెవరిది?”

ప్రకాశం లేచి నిలబడ్డాడు.

“నాది సేట్. నాకు తెలుసు. తెలిసి గూడ చెప్పలే.”

“సంతకం నాది,” అంది షారోన్. “ఆయన చెప్పకపోతే వంద సార్లు అడగాల్సింది నేను. ఒక్కసారే అడిగిన.”

నిఖిలేష్ గొంతు సవరించుకున్నాడు. “పాస్ అని నింపమన్నది మా టీమే సార్.”

వెంకటనారాయణ ముగ్గురినీ వరసగా చూసి, కుర్చీలో కూర్చున్నాడు. “తప్పు ఒప్పుకునేటోళ్లు గిట్ల లైను కట్టుడు నేను ఎన్నడూ చూడలే. సరే, ఇప్పుడేం చేద్దాం?”

షారోన్ ఈ ప్రశ్న కోసమే సిద్ధంగా ఉంది.

“ప్రతి ఖాళీకి అర్థం తేలేదాకా, పరీక్ష కావాల్సిన మందు ఒక్కటి గూడ మనిషి చూసి సంతకం పెట్టకుండ పోవద్దు. ప్రకాశం సార్‌ను మళ్ల పనిలకు తీసుకోవాలె. సలహాకు పిలిచినట్టు కాదు, జీతంతోని. మార్చిన మిగతా అప్లికేషన్లు గూడ ఒక్కొక్కటీ ఆయన చూసి సరే అన్నాకే వాడాలె. ఇదంతా చేస్తే ప్రాజెక్టు ఆలస్యమైతది. ఎంత ఆలస్యమైతదో నేను ఇప్పుడు చెప్పలేను.”

“బోర్డు ఒప్పుకోకపోతే?”

“ఒప్పుకోకపోతే కొత్త సిస్టంకు నా సంతకం వెనక్కి తీసుకుంట. ఆ కాగితం రాసే పెట్టిన.”

నిఖిలేష్ ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగాడు. షారోన్ చూపు మాత్రం అధ్యక్షుడి మీద నుంచి కదల్లేదు. ఆయన మీసాల్లో చిన్న నవ్వు మెరిసి పోయింది.

“బెదిరిస్తున్నవా బిడ్డా? సరే, చెయ్యి. బోర్డుతోని నేను మాట్లాడుకుంట.” అని లేచాడు. “ప్రకాశం, రేపు పొద్దుగాల వచ్చి కాగితాలు తీస్కో.”

ఆయన వరండాలోకి నడిచాడు. చేతికర్ర చప్పుడు మెల్లగా దూరమవుతోంది. పొద్దుటి నుంచి మొదటిసారి షారోన్ భుజాలు కిందికి దిగాయి. మంచినీళ్ల సీసా మూత తిప్పబోతుంటే ప్రకాశం ఆమె మణికట్టు తాకాడు.

“షారోన్. ఇది చూడు.”

ఆపిన బ్యాచ్‌ల్లో చివరి వరస అది. చంటిపిల్లలకు ఇచ్చే సూదిమందు.

“ఇది గూడ రిపోర్టు రానిదే కద సార్? ఖాళీ ఉంది.”

“అదే అంటున్న. ఇది ఖాళీ ఎట్లుంటది? దీని రిపోర్టు ఎప్పుడో వచ్చింది. ఫెయిల్. నేను రిటైరయ్యే ముందు నా చేతులతోనే కొట్టిన.” ఆయన గొంతు తగ్గించాడు. “ఇది ఖాళీగ ఉన్నది కాదు. ఖాళీ చేసింది.”

షారోన్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నీళ్ల సీసాను మూత తీయకుండానే పక్కన పెట్టేసింది. ఖాళీ గడులన్నీ ఆదివారం పాస్‌గా మారిపోతాయని ముందే తెలిసిన వాళ్లెవరో, ఫెయిలైన మందును ఖాళీ చేసి పెట్టారు. మిగతా పని మార్పు ప్రోగ్రాం చేసిపెట్టింది. అంటే తను చేసిపెట్టింది.

“ఎవరు మార్చారో పాత మెషీన్ రాసుకునేది కదా,” అన్నాడు నిఖిలేష్. అప్పటికే అతని వేళ్లు కీబోర్డు మీద ఉన్నాయి. “ఆ రికార్డు కూడా మనం తెచ్చుకున్నాం. ఇదిగో. మార్పుకు ముందు రోజు, శనివారం.” అతను ఆగాడు. “లాగిన్... ప్రకాశం గారిది.”

ప్రకాశం మొహం పాలిపోయింది. “నేను... ఎండాకాలం నుంచి ఈ గడప తొక్కలే బిడ్డా! మా లక్ష్మి మీద ఒట్టు.”

“పాత మెషీన్‌లో మీ లాగిన్ తీసేయమని ఎవరూ చెప్పలేదు మాకు,” అన్నాడు నిఖిలేష్ నెమ్మదిగా. “వాడింది ఎవరైనా కావచ్చు. కానీ ఏ తెర నుంచి కొట్టారో కూడా ఉంది ఇక్కడ. పి-ఒకటి. అది ఏ సీటు?”

ప్రకాశం చూపు వరండా వైపు తిరిగింది, చేతికర్ర చప్పుడు మెట్ల దాకా చేరిన వైపు.

“అన్నిటికన్న ముందు పెట్టిన తెర అది,” అన్నాడు చివరికి, దాదాపు వినిపించకుండా. “ప్రెసిడెంట్ రూంల.”

ప్రకాశం షారోన్ చేయి పట్టుకుని, వద్దు, ఇప్పుడే వద్దు అన్నట్టు తల ఊపాడు. ఆమె నిమ్మళంగా ఆయన వేళ్లు విడిపించుకుని లేచి వరండాలోకి నడిచింది.

“సార్!”

మొదటి మెట్టు మీద కాలు పెట్టిన వెంకటనారాయణ ఆగి, వెనక్కి తిరిగాడు.

“ఏంది బిడ్డా?”

“మీరు ఇంకా కొంచెంసేపు ఉండాలె సార్,” అంది షారోన్. “మీ రూం తాళంచెవి నాకు కావాలె.”

ఆయన చేయి జేబు దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయింది.